కాలేయానికి లేబుల్ చదవడం రాదు

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన కాలేయం వ్యాసానికి ఎవరైనా డాక్టరుగారు సవరణ రాస్తారేమోనని నాలుగు రోజులు చూశాను. రాయలేదు. మందు వల్ల కాలేయం చెడటం చీప్ లిక్కర్ తాగే కూలీల జబ్బన్నట్టు రాశారు. 180 మిల్లీల క్వార్టర్‌లో 42.8 శాతం ఆల్కహాల్, అంటే 77 మిల్లీలు, తూకంలో 61 గ్రాములు. సీసా 99 రూపాయలదైనా, వేలదైనా అంతే. 'బీరే కదా' అనే పెద్దమనుషులకు: 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీల సీసాలో 41 గ్రాములుంటాయి. రోజుకు మగవాళ్లు 30, ఆడవాళ్లు 20 గ్రాములు దాటి ఏళ్ల తరబడి తాగితే ముప్పు మొదలైనట్టే. పొట్ట, షుగరు, హెపటైటిస్ బి, సి ఉంటే ఇంకా తొందరగా. బాగా తాగేవాళ్లలో నూటికి 90 మందికి కాలేయంలో కొవ్వు చేరుతుంది, కాలేయం గట్టిపడి పాడైపోయే సిర్రోసిస్ దాకా పోయేది పది ఇరవై మంది. మిగతావాళ్లను చూపించే 'మా తాత తాగలేదా' అంటారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో తాగేవాళ్లు తెలంగాణలో 43.3 శాతం, ఆంధ్రలో 23.3. తెలంగాణ ఆడవాళ్లలో 6.7. వీళ్లంతా కూలీలేనా?

ఇక మన సర్కారు వారి ముందుచూపు. 30 ఏళ్లు దాటినవాళ్లకు జబ్బుల ముప్పుకు మార్కులు వేస్తూ ఆశా కార్యకర్త నింపే ఫారంలో మందు గురించి ఉన్న ప్రశ్న 'రోజూ తాగుతారా' అని. శని, ఆదివారాలు రెండేసి క్వార్టర్లు దించేవాడు నిజాయితీగా 'లేదు' అంటాడు, సున్నా మార్కు పడుతుంది. ఎంత తాగుతారని అడిగితే ఏం పోయింది? సీసా సీసాకూ హోలోగ్రామ్ అంటించి లెక్క పెట్టే ప్రభుత్వానికి, పోయినవాళ్ల లెక్క మాత్రం దొరకదు. కడుపులో నీరు పట్టి, రక్తం కక్కి పోయినా సర్టిఫికెట్లో 'గుండె, శ్వాస ఆగి' అని రాస్తారు. ఎవరికైనా పోయేటప్పుడు ఆగేవి అవే కదా!

కామెర్లు కనబడేదాకా ఆగొద్దని మీరైనా రాయాల్సింది. కాలేయం రక్తపరీక్షల్లో ఎస్‌జీఓటీ అనేది ఎస్‌జీపీటీకి రెండింతలుండి, జీజీటీ కూడా పెరిగితే తాగుడు మీద అనుమానం గట్టిపడుతుంది. ఒక్కోసారి ఇవి మామూలుగానే ఉండి, లోపల కాలేయం గట్టిపడిపోయి ఉంటుంది, అందుకే ఆ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్. కొవ్వు దశలో మానేస్తే కొన్ని వారాల్లోనే తగ్గుతుంది. కానీ రోజూ బాగా తాగేవాణ్ని ఇంట్లో పెట్టి తాళం వేస్తే, రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, పిచ్చి మాటలు. ప్రాణమే పోవచ్చు. డాక్టరు దగ్గర బి1 విటమిన్, మందులతో మాన్పించాలి. కామెర్లకని పసరు పోయించి పత్యం పేరుతో పప్పు, గుడ్డు మాన్పించడం ఇంకో ఘోరం. ఆ ఒంటికి మాంసకృత్తులే కావాలి.

ఈ ఆదివారమైనా గ్రాముల పట్టిక వేయండి. ఆ పేజీ కిందే విస్కీ కంపెనీ వాళ్ల 'సోడా' ప్రకటన మాత్రం మళ్లీ వేయకండి.

- ఒక పాఠకుడు, హనుమకొండ