మా వీధి పేపరు అన్నయ్యకు కృతజ్ఞతలు

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ‘ఈనాడు’ మొదలై, తెల్లవారేసరికి పత్రిక గుమ్మంలో ఉండడం అలవాటు చేసేవరకు, విజయవాడలో అచ్చయి దాదాపు 350 కిలోమీటర్లు ప్రయాణించే తెలుగు దినపత్రికలు మా ఊరికి మధ్యాహ్నం దాటితేగానీ చేరేవి కావు. పేరుకు అది ఉదయపు పత్రికే అయినా, మా ఇంట్లో దాన్ని సాయంకాలపు కాఫీతోనే చదివేవాళ్లం.

ఆ రోజుల్లో కట్టలు సైకిలుకు కట్టుకొని ఎత్తుపల్లాల వీధులన్నీ తిరిగిన మీ పేరు మాకు తెలియదు. మా నాన్నగారికి మీరు ‘పేపరు అబ్బాయి’, పిల్లలమైన మాకు ‘పేపరు అన్నయ్య’. వానాకాలంలో మీరు తడిసినా పత్రికను మాత్రం చొక్కాలో దాచి పొడిగా తెచ్చేవారు.

ఎస్సెస్సీ ఫలితాల నంబర్లు పత్రికలోనే వెతుక్కోవలసిన ఆ కాలంలో, ఫలితాల రోజున ప్రతులన్నీ దారిలోనే జనం లాగేసుకుంటారని తెలిసి, మా అక్క కోసం ఒక ప్రతిని విడిగా దాచి, ఆమె నంబరు కింద గీత గీసి మరీ తెచ్చి ఇచ్చారు. (ఆ నంబరును మా అమ్మ ముందే చీటీ మీద రాసి మీకు ఇచ్చిందట, మాకెవరికీ చెప్పలేదు.) డబ్బు ఇవ్వబోతే నెల లెక్కలో కలుపుతానన్నారు గానీ, కలపలేదు.

అక్క ఉపాధ్యాయురాలై, పదవీ విరమణ కూడా చేసింది. అప్పుడు చెప్పని కృతజ్ఞతలను మా కుటుంబమంతా ఇప్పుడు మీకు సవినయంగా తెలియజేసుకుంటున్నాము.