వేడినీళ్ళ సంగతి

కర్నూలు,
జూలై 4.

ప్రియమైన సుబ్బూ,

ఉగాదికి నువ్వు రాసిన ఉత్తరానికి జూలైలో జవాబు రాస్తున్నాను. ఎంతైనా తిట్టుకో, కాని సైకిలు చైను మాట మాత్రం ఎత్తవద్దు. ఇంట్లో అందరమూ క్షేమమే, అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది. ఇక అసలు విషయానికి వస్తాను. దీన్ని నీతో చెప్పుకుంటే తప్ప నాకు నిద్ర పట్టేలా లేదు.

నువ్వు 'చిన్నదొర' అని పిలిచే మా ఆదోని అక్క కొడుకు మే నెలలో హాస్టలు నుంచి సెలవులకు మా ఇంటికి వచ్చాడు. మూడో రోజునుంచి వాంతులు పట్టుకున్నాయి. ఉగ్గాని బజ్జీ కనిపిస్తే పళ్ళెం వదలని పిల్లవాడు మంచినీళ్ళు కూడా ఇముడ్చుకోలేకపోయాడు. బయట ఎండ 43 డిగ్రీలు కాస్తుంటే, వాడు గీజరు వేసుకుని రోజుకు ఐదారుసార్లు పొగలు కక్కే నీళ్ళతో స్నానం చేసేవాడు. కరెంటు బిల్లు ఎవడు కడతాడని నేను విసుక్కున్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పుడు... సరే, పోనీ.

అక్క వచ్చి దిష్టి తీసింది. మొదట వెళ్ళిన ఆసుపత్రిలో గ్యాసన్నారు, సెలైను ఎక్కించారు, స్కానింగు తీశారు, నోట్లోంచి గొట్టం దించి కడుపంతా చూసి ఏ లోపమూ లేదన్నారు. నాలుగు రోజులు బాగుండి మళ్ళీ మొదలైంది. రెండో చోట, మన పిల్లల వయసు డాక్టరమ్మ, కాగితాలన్నీ పక్కన పెట్టి ఒకే ప్రశ్న అడిగింది: "వేడినీళ్ళు పోసుకుంటే హాయిగా ఉంటుందా?" వాడు తల దించుకున్నాడు. మూడేళ్ళుగా, దాదాపు ప్రతిరోజూ గంజాయి తాగుతున్నాడట.

ఇరవై రెండేళ్ళుగా జంతుశాస్త్రం చెబుతున్న నాకు ఈ జబ్బు ఉందనే తెలియదు సుబ్బూ! వాంతిని ఆపుతుందని పేరున్న పదార్థమే ఏళ్ళ తరబడి వాడేవారిలో కొందరికి ఎదురు తిరిగి ఇలా వాంతులు తెప్పిస్తుందట. 2004లో ఆస్ట్రేలియా వైద్యులు దీన్ని మొదటిసారి వర్ణించారని ఆమె చెప్పింది. వేడినీళ్ళు కాసేపు ఉపశమనం ఇస్తాయే తప్ప నయం చేయవు. ఒంట్లో నీరు ఇంకిపోతే మూత్రపిండాలకే ముప్పు. తగ్గించి తాగుతానంటే కుదరదు, పూర్తిగా మానాలి. మళ్ళీ ముట్టుకుంటే వాంతులూ మళ్ళీ వస్తాయి. "చెట్టు ఆకే కదా మామా, సిగరెట్టుకన్నా మేలు" అన్నాడు వాడు. వాడు తాగింది ఆకు కూడా కాదు, పూల మొగ్గలు.

అక్క వణికిపోయిందంటే జబ్బుకు కాదు, పోలీసులకు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే, స్వల్ప పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వెళ్తే విచారణ నుంచి రక్షణ ఉందని ఆమెకు నచ్చజెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలిమానస్ 14416కు చేసి మాట్లాడాక గాని ఆమె కుదుటపడలేదు.

ఇంతలో జూన్ 26 వచ్చింది. మాదకద్రవ్య వ్యతిరేక దినం అని మా కాలేజీలో ఇంటర్ పిల్లలకు మాట్లాడే పని ఏటా నాదే. గంజాయి 20 కిలోలు దాటితే పదేళ్ళకు తక్కువ కాకుండా జైలు అంటూ ఏటా చదివే కాగితమే జేబులో ఉంది. వెనక బెంచీవాడు లేచి, "కిలో లోపైతే సార్?" అన్నాడు. హాలంతా నవ్వింది. ఏడాది వరకు కఠిన కారాగారం అని జవాబు చెప్పి, కాగితం మడిచేసి, పేరు చెప్పకుండా గీజరు కథ చెప్పాను. మెదడు ఎదుగుదల పాతికేళ్ళ దాకా సాగుతుందనీ, టీనేజీలో మొదలుపెట్టినవారిలో సుమారు ఆరుగురిలో ఒకరు దానికి బానిసలవుతారనీ చెబుతుంటే ఈసారి ఎవరూ నవ్వలేదు. సభ అయ్యాక ఆ వెనక బెంచీవాడే స్టాఫ్ రూం గుమ్మం దగ్గర నిలబడి, "మా అన్న కూడా అట్లాగే స్నానాలు చేస్తాడు సార్" అన్నాడు.

వాడితో ఏం మాట్లాడానో, వాళ్ళ నాన్న ఏమన్నాడో రాయాలంటే ఇంకో ఉత్తరం కావాలి. మనవాడు మానేసి ఐదు వారాలు అయింది. మొదటి పది రోజులు నిద్ర లేదు, తిండి లేదు, నా మీద కోపం మాత్రం పుష్కలంగా ఉంది. నిన్న రెండు ఉగ్గాని పళ్ళేలు

ఉండు, గీజరు దీపం వెలిగింది. వెళ్ళి చూసి వస్తాను.

నీ
మూడో చెప్పు