నాయినకు ఆ డి ప్యాకెట్లు ఇప్పుడే వద్దు

అరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. వారానికొకటి చొప్పున డి విటమిన్ పొడి, అదే ఆ 60,000 యూనిట్లది, వేస్తే నాయినకు టీబీ తొందరగా తగ్గుతుందని మెడికల్ షాపాయన చెప్పాడా? అంత సీన్ లేదురా.

అట్లని ఆ మాట ఉత్తగనే పుట్టలేదు. మందులు లేని కాలంలో టీబీ వచ్చినోళ్లను ఎండలో పడుకోబెట్టేవాళ్లు, చేప నూనె తాగించేవాళ్లు. చర్మానికొచ్చే టీబీని వెలుతురుతో నయం చేసిన ఫిన్సెన్ అనే డెన్మార్క్ డాక్టరుకు 1903లో నోబెల్ కూడా వచ్చింది. క్రిమిని మింగిన మన రక్షణ కణానికి డి విటమిన్ అందితే, కాథెలిసిడిన్ అనే పదార్థం తయారై దాన్ని చంపుతుందని 2006లో ల్యాబులో తేలింది. ఇక అందరూ ఎగిరి గంతేశారు. మనుషులకిచ్చి చూస్తే కథ వేరే ఉంది. లండన్‌లో మామూలు మందులతో పాటు లక్ష యూనిట్ల చొప్పున నాలుగు డోసులిచ్చారు, 2011లో ఫలితం చెప్పారు, తెమడలో క్రిమి పోవడం మొత్తం మీద చెప్పుకోదగ్గంత తొందరగా ఏమీ జరగలేదు, ఒక రకం జన్యువున్న కొద్దిమందికి తప్ప. మన దేశంలో చేసిన పరీక్షలోనూ అంతే. మంగోలియాలో బడిపిల్లలకు మూడేళ్లు వారం వారం ఇచ్చినా టీబీ సోకడం ఆగలేదు.

పాలమూరు ఎండలో డి తక్కువేందిరా అని నవ్వకు. నెలల తరబడి ఇంట్లో మంచం మీదున్నోళ్లకు తగ్గుతుంది, తగ్గితే ఎముకల కోసం డాక్టరే రాస్తాడు. కానీ టీబీ గడ్డల్లోని కణాలు డి విటమిన్‌ను వాటంతటవే పనిచేసే రూపంలోకి మార్చేస్తుంటాయి, దాంతో కొందరికి రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది. దాని మీద మనం సొంతంగా పొడి పోస్తే వాంతులు, దాహం, మలబద్ధకం, ఒక్కోసారి మనిషి తికమక పడటం కూడా. అందుకే పరీక్ష చేయించకుండా వద్దంటున్నా.

అసలు పని గోలీలది. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. రెండో నెలకల్లా దగ్గు తగ్గుతుంది, నాయిన "ఇంకెందుకురా" అంటాడు చూడు, అక్కడే గట్టిగా ఉండాలి నువ్వు. మూత్రం నారింజ రంగులో వస్తే గాబరా పడకు, అది రిఫాంపిసిన్ రంగు.

ఆ ప్యాకెట్ల పైసలతో గుడ్లు, పల్లీలు, పప్పు కొను. జార్ఖండ్‌లో రోగుల ఇండ్లల్లో అందరికీ మంచి తిండి ఇస్తే మిగతావాళ్లకు టీబీ రావడం సుమారు 40 శాతం తగ్గింది, 2023లో వచ్చిన లెక్క అది. సర్కారు కూడా తిండికని నెలకు 1,000 ఇస్తోంది, 2024 నవంబరు దాకా 500 ఉండె. ఆశా వర్కర్‌ను అడిగి నాయిన బ్యాంకు ఖాతా రాయించు. అమ్మకు, పిల్లలకు, నీకు కూడా ఈ వారమే పరీక్ష చేయించు, ఏం తేలిందో నాకు ఫోన్ చెయ్.

నీ
రాజు, నల్లగొండ