మందుల షాపు చెల్లెమ్మకి, ఇంకా కొందరికి

మాట్లాడితే కుట్లు లాగుతున్నాయి, అందుకని రాస్తున్నాను. కింది దవడలో అడ్డంగా పడుకున్న జ్ఞానదంతం. చిగురు కోసి, కాస్త ఎముక అరగదీసి, పన్నుని ముక్కలు చేసి తీశారు. తీసిన డాక్టరుగారి చెయ్యి మంచిది, ఆయనకి దండం. ఇంట్లోవాళ్లు జావ కాస్తున్నారు, ఐస్ పెడుతున్నారు, వాళ్లకి వేరే చెప్పేదేముంది. ఈ నాలుగు ముక్కలూ విజయవాడలో ఆ రాత్రి మందుల షాపు కౌంటర్లో ఉన్న అమ్మాయి కోసం. పేరు తెలీదు. అడగడానికి నోరు లేదు, నిండా గాజుగుడ్డ.

చీటీ చేతికివ్వగానే ఆ పిల్ల అన్న మొదటి మాట: "మీరు మాట్లాడొద్దక్కా, తల ఊపండి చాలు." ఆ తర్వాత అవును, కాదు అని తలూపితే సరిపోయేలా ఒక్కొక్కటే అడిగింది. పెన్సిలిన్ పడదా? కడుపులో పుండు ఉందా? ఆస్తమా? రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారా? కడుపుతో ఉన్నారా? దవడ పగిలిపోతున్న మనిషిని నోరు విప్పించకుండా ఇన్ని విషయాలు తెలుసుకోవచ్చని ఎవరికి తడుతుంది! కళ్లలో నీళ్లు ఆగలేదు. నొప్పికి అనుకుని కుర్చీ వేసింది, దాంతో ఇంకా ఎక్కువయ్యాయి.

చీటీలో ఐబుప్రొఫెన్ కలిసిన మాత్ర ఒకటి, 'అవసరమైతే' అని ఎసిక్లోఫెనాక్ కలిసినది ఇంకొకటి ఉన్నాయి. రెండూ ఒకే జాతి నొప్పి మాత్రలు. కలిపి వేసుకుంటే నొప్పి తగ్గడంలో తేడా పెద్దగా ఉండదు, కడుపులో పుండు, కిడ్నీల మీద భారం మాత్రం పెరుగుతాయి. అమ్మేసి ఊరుకోవచ్చు, డబ్బులు కూడా ఎక్కువే వస్తాయి. ఆమె ఫోన్ చేసి డాక్టరుగారిని అడిగి రెండోది తీయించింది, మధ్యలో నొప్పొస్తే ఉత్త పారాసిటమాల్ 650 ఒకటి వేసుకోమని చెప్పింది. మొదటి మాత్రలోనూ పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు ఉంది కాబట్టి లెక్క చూసుకోవాలని, రోజుకి అన్నీ కలిపి 4 గ్రాములు ఎట్టిపరిస్థితిలో దాటకూడదని కవరు మీద తెలుగులో రాసింది. మొదటి మాత్ర తిమ్మిరి దిగకముందే, కాస్త ఏదైనా తిని వేసుకోవాలట. నొప్పి ముదిరాక వేస్తే అది పనిచేసేలోపు ప్రాణం పోతుంది. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్‌తో నోరంతా ఇనుము నాకినట్టు ఉంటుందని, అది మామూలేనని కూడా ముందే చెప్పింది.

గాజుగుడ్డ సంగతి అందరికీ పనికొస్తుంది, వివరంగా రాస్తాను. దూది వద్దు, పోగులు గాయంలో ఉండిపోతాయి. గాజుగుడ్డని మందంగా మడిచి, శుభ్రమైన నీళ్లతో కొద్దిగా తడిపి, సరిగ్గా గుంత మీద పెట్టి కొరికి పట్టాలి. పొడిది పెడితే తీసేటప్పుడు గడ్డకట్టిన రక్తం దానితోపాటు ఊడొస్తుంది. పల్చగా పెడితే పక్క పళ్లే కొరుక్కుంటాయి, గుంత మీద ఒత్తిడి పడదు, గంటలకొద్దీ పెట్టినా రక్తం ఆగదు. అరగంట నుంచి ముప్పావుగంట కదపకుండా ఉంచాలి, నిమిషానికోసారి తీసి చూడకూడదు. ఉమ్మి ఎర్రగా రావడం మొదటి రోజంతా ఉంటుంది. రెండు చుక్కల రక్తం నోటినిండా ఉమ్మితో కలిస్తే చూడ్డానికి చెంబెడు అనిపిస్తుంది. గట్టిగా నొక్కి పట్టినా నోరు నిండేంత రక్తం వస్తుంటేనే పరుగెత్తాలి.

మొదటి 24 గంటలు ఉమ్మడం, పుక్కిలించడం, స్ట్రాతో తాగడం మూడూ బంద్. గుంతలో గడ్డకట్టిన రక్తమే ఎముకకి కప్పు, నోట్లో పీల్పు పుడితే అది లేచిపోతుంది. సిగరెట్టు, గుట్కా, ఖైనీ అయితే కనీసం మొదటి మూడు రోజులు దగ్గరకే రానివ్వకూడదు. ఆ కప్పు పోతే వచ్చేదే డ్రై సాకెట్. తగ్గుతున్న నొప్పి మూడో రోజు నుంచి ఐదో రోజు లోపు ఒక్కసారిగా తిరగబడి చెవిలోకి పొడుచుకొస్తుంది, నోరు వాసన కొడుతుంది, మాత్రకి లొంగదు. యాంటీబయాటిక్ మార్చినా లాభం లేదు, డాక్టరు గుంత కడిగి మందు కట్టు పెట్టాల్సిందే. లవంగం, పసుపు కూరడం అసలు వద్దు. గుంతలో తెల్లటి పొర కనిపిస్తే చీము అనుకుని గీకొద్దు, మానుతున్నప్పుడు అలాగే ఉంటుంది.

కాపడం విషయంలో మన పెద్దవాళ్లతో గొడవ తప్పదు. మొదటి రోజు చల్లటిదే: గుడ్డలో ఐస్ చుట్టి చెంప మీద 20 నిమిషాలు, 20 నిమిషాలు విరామం. ఆ రోజు వేడి పెడితే వాపు పెరుగుతుంది. రెండో, మూడో రోజు వాపు బాగా పెరిగి తర్వాత తీస్తుంది, కాబట్టి మొదటి రోజుకంటే మర్నాడు మొహం ఘోరంగా ఉంటే కంగారు అక్కర్లేదు. దవడ బిగుసుకుంటే మూడో రోజు నుంచి వేడి కాపడం, మెల్లగా నోరు తెరిచే కసరత్తు. మూడు వేళ్లు నిలువుగా పట్టడం లక్ష్యం, ఒకటి రెండు వారాలు పట్టినా పట్టొచ్చు. రాత్రి రెండు దిండ్లు.

24 గంటలు దాటాక గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి, తిన్న ప్రతిసారీ, రోజుకి నాలుగైదు సార్లు. నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి నీళ్లని జారవిడవడమే, బుగ్గలు ఊది గుడగుడలాడించకూడదు. తిండికి చల్లారిన రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, పాలలో నానిన ఇడ్లీ. ఉప్మా రవ్వ, నువ్వులు, తాలింపులో ఆవాలు గుంతలో దూరి కూర్చుంటాయి. ఆవకాయ సంగతి చెప్పక్కర్లేదు. తిమ్మిరి దిగేదాకా ఏమీ నమలకూడదు, పెదవి కొరుక్కున్నా తెలీదు. మర్నాటికి కూడా కింది పెదవో నాలుకో మొద్దుబారే ఉంటే డాక్టరుకి చెప్పాలి. జ్వరం, మింగలేకపోవడం, దవడ కింద మెడలోకి వాపు దిగడం, ఊపిరి ఇబ్బంది, వీటిలో ఏదొచ్చినా తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికే.

ఇందులో సగం ఆ అమ్మాయి నోట విన్నదే. చీటీ మీద ఉండాల్సినవి ఇవి. ఉన్నాయి కూడా, వెనకవైపు, చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాల్లో. అదీ ఎప్పుడిస్తారు? సూది మత్తు దిగక, చెవుల్లో ఇంకా డ్రిల్లు హోరు మోగుతుండగా. తెలుగులో ఒక పేజీ అచ్చు వేయించి, పన్ను తీయకముందే చేతిలో పెడితే ఏం ఖర్చవుతుంది? బీమావాళ్ల సంగతి ఇంకోటి. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకున్న పంటి పనికి మామూలు పాలసీలు చాలావరకు పైసా ఇవ్వవు. కుర్చీలో ముప్పావుగంటలో అయిపోయే ఆపరేషన్‌కి పడక ఎందుకు? ఎక్స్‌రే దగ్గర్నుంచి అన్నీ జేబులోంచే. సరే, ఇది మొదలుపెడితే తెల్లారుతుంది.

చెల్లెమ్మా, నీ కంట ఇది పడుతుందో లేదో. కవర్ల మీద 'టిఫిన్ తర్వాత', 'అన్నం తర్వాత' అని పెద్ద అక్షరాలతో రాసిచ్చావు కదా, ఆ కవర్లు చూసే అందరం మందులు వేళకి ఇస్తున్నాం, పుచ్చుకుంటున్నాం. నీ జీతం పెరగాలి.

అయ్యో, కొందరు మిగిలిపోయారు. దవడ ఎక్స్‌రే తీసేటప్పుడు గడ్డం కింద చెయ్యిపెట్టి నిలబెట్టిన టెక్నీషియన్ గారు. గుంటలు తప్పిస్తూ నడిపిన ఆటో అన్న. కింది వాటా పిన్నిగారు, మిక్సీలో తిప్పిన పప్పన్నం పంపినందుకు (కారం లేకుండా, ఆవిడ చేతిలో అది అద్భుతమే). ఆఫీసులో నా షిఫ్టు మోసిన ఇద్దరూ. ఇంకా, ఐస్ కోసం షాపులన్నీ మూసేసి ఉంటే కవరునిండా ముక్కలు పోసిచ్చి డబ్బులు వద్దన్న నిమ్మసోడా బండాయన.