గుల్ల విడవడం మీదే గడిచిన ఏడాది: మన మెరైన్ (ఉప్పునీటి) ఆక్వేరియం సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన గ్రూపులో ఎక్కువగా కనిపించిన మెసేజ్ ఒకటే: "నా క్లీనర్ ష్రింప్ (రొయ్య) చచ్చిపోయింది, ఇసుక మీద పడి ఉంది." ఫొటో పెట్టమని అడిగితే చాలాసార్లు అది విడిచేసిన గుల్లే, రొయ్య మాత్రం రాళ్ల వెనక క్షేమంగా దాక్కుని ఉండేది. కొత్త సభ్యుల టెన్షన్ చూశాకే సమావేశాల్లో మోల్టింగ్‌కి, అంటే రొయ్యలు, పీతలు పెరిగే క్రమంలో పాత గుల్ల విడవడానికి, ఎక్కువ సమయం ఇవ్వాలని కమిటీ నిర్ణయించింది.

ముందుగా గుర్తుపట్టడం నేర్పించాం. గుల్ల అయితే లోపల ఖాళీగా, పలచగా ఉంటుంది, వీపు పెంకు తోక భాగంతో కలిసే చోట విచ్చుకుని ఉంటుంది, కళ్ల మీది పొర కూడా దానితోనే ఊడి వస్తుంది. చనిపోయిన రొయ్యకు ఒళ్లంతా తెల్లబారుతుంది లేదా గులాబీ రంగుకి తిరుగుతుంది, వాసన వస్తుంది. గుల్లను వెంటనే తీసేయకండి, కొన్ని రొయ్యలు దాన్నే కొరుక్కుని తింటాయి.

రెండో సమావేశంలో అసలు లోపల ఏం జరుగుతుందో మాట్లాడుకున్నాం. రొయ్య పాత గుల్లలోని కాల్షియం కొంత ఒంట్లోకి లాక్కుని, కింద మెత్తటి కొత్త పొర తయారుచేసుకుని, బయటపడగానే నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, కొత్త గుల్ల ఆ సైజులోనే గట్టిపడుతుంది. అందుకే ముందు తిండి మానేసి మూల చేరుతుంది. గట్టిపడేదాకా దానికి రక్షణ ఉండదు కాబట్టి హాక్‌ఫిష్ లాంటి రొయ్యల్ని తినే చేపలు ఉన్న ట్యాంకులో దాక్కోవడానికి సందులు ఉండి తీరాలి. రాళ్లు కదిపి వెతకడం దయచేసి మానండి. ఒక సభ్యుడి ఎమరాల్డ్ క్రాబ్‌కి ఊడిన డెక్క తర్వాతి మోల్ట్‌లో చిన్నదిగా తిరిగొచ్చింది, ఆ ఫొటోలు చూసి అందరం సంబరపడ్డాం.

గుల్ల విడవడానికి సాయంగా నీళ్లలో అయోడిన్ వేయాలా వద్దా అన్నదాని మీద గట్టి వాదనే జరిగింది. కమిటీ అభిప్రాయం సూటిగా చెబుతున్నాం: టెస్ట్ చేయకుండా ఏదీ పోయకండి. క్రమంగా నీళ్లు మారుస్తుంటే ఉప్పు మిక్స్‌తోనే చాలినంత అందుతుంది, మోతాదు మించితే అదే విషం. గుల్లలో ఇరుక్కుని చనిపోయాయి అని చెప్పినవాళ్లను అడిగితే ఎక్కువగా బయటపడింది ఉప్పదనం ఒక్కసారిగా మారడమే. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది కాబట్టి తగ్గిన నీటిని ఆర్వో నీళ్లతో రోజూ నింపండి. ఉప్పదనం లీటరుకి 35 గ్రాముల దగ్గర, కాల్షియం 400 నుంచి 450 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) మధ్య నిలకడగా ఉంచండి. కొత్త జీవిని తెస్తే డ్రిప్ పద్ధతిలో, అంటే ట్యాంకు నీళ్లు చుక్కచుక్కగా కలుపుతూ, నెమ్మదిగా అలవాటు చేయండి.

చేపలకు రాగి మందు వాడాల్సి వస్తే వేరే ట్యాంకులోనే వాడాలి. రాగి పీతలకీ రొయ్యలకీ ప్రాణాంతకం, ఆ వల, ఆ పైపు కూడా ఇటు తేవద్దు.

ఇవి కాక, నత్త గుల్లల్లో కాపురముండే హెర్మిట్ పీతల కోసం వేర్వేరు సైజుల ఖాళీ నత్త గుల్లలు సేకరించి పంచాం. సైజు చాలకపోతే అవి ఒకదాని గుల్ల ఇంకొకటి లాక్కుంటూ చంపుకుంటాయి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్లన్నీ ఒకచోట పెట్టి 35 పీపీటీ (లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు) ద్రావణంతో సరిచేశాం, కొన్ని బాగా తప్పు చూపిస్తున్నాయి. సంఘం జమాఖర్చుల కాగితం విడిగా పంపుతున్నాం.

వచ్చే ఏడాదికి ఒక విన్నపం. మీ జీవి గుల్ల విడిచిన ప్రతిసారీ తేదీ, ఆ రోజు ఉప్పదనం, ఉష్ణోగ్రత రాసి పంపండి. ఆ వివరాలు అన్ని ట్యాంకుల నుంచీ వస్తేనే తర్వాతి సమావేశంలో పోల్చి చూడగలం.

ఇట్లు,
కమిటీ