మాటలు ఆలస్యమవుతున్న పిల్లల అమ్మానాన్నలకి

అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం మన బెంగళూరు మారతహళ్ళి పార్కులో ఒక అక్క, ఇంట్లో తెలుగు, కింద పిల్లలతో కన్నడ, ప్లేస్కూల్లో ఇంగ్లీషు, అందుకే పాపకి రెండేళ్ళు దాటినా మాటలు రావట్లేదు, తెలుగు మానేద్దామనుకుంటున్నాం అన్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. రెండు మూడు భాషలు వినడం వల్ల మాటలు ఆగిపోవు, మీకు నోటి నిండా వచ్చే భాషలోనే మాట్లాడండి.

మా వాడు వేలు చూపిస్తే చాలు, గ్లాసు చేతికిచ్చేసేదాన్ని. తర్వాత వాడి ఎదురుగా కూర్చుని "నీళ్ళా, పాలా?" అని అడిగి, మనసులో పది లెక్కపెట్టేంతసేపు ఊరికే ఆగడం మొదలుపెట్టాను, చిరాకు పడితే మాత్రం వెంటనే ఇచ్చేసేదాన్ని. మూడో వారంలో "నీ" అన్నాడు. "నీళ్ళు, చల్లటి నీళ్ళు" అంటూ అందించాను. తప్పు దిద్దక్కర్లేదు, మనం సరిగ్గా అంటే చాలు.

రెండేళ్ళకి సుమారు 50 మాటలు, "అమ్మా రా" లాంటి జతలు రాకపోతే, మగపిల్లలకి లేటే అని ఎదురుచూడకండి. పిలిస్తే తిరిగి చూస్తున్నా సరే, ముందు వినికిడి పరీక్ష చేయించండి. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది, మనకి దగ్గరే. వచ్చిన మాటలు పోతుంటే మాత్రం అస్సలు ఆగొద్దు, వెంటనే డాక్టర్‌కి చూపించండి.