వంగిన మెడను నిటారు చేయకండి

సంపాదకులకు నమస్కారం.

మా అన్నయ్యకు డెబ్బై రెండేళ్లు. పాతికేళ్ల వయసు నుంచే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే వెన్ను జబ్బు. పూసలన్నీ అతుక్కుపోయి, ఎక్స్‌రేలో ఆయన వెన్ను వెదురుబొంగులా కనిపిస్తుంది. తల ఎప్పుడూ ముందుకు వంగే ఉంటుంది. ఎదుటి మనిషి ముఖం చూడాలంటే మోకాళ్లు వంచి వెనక్కి వాలాలి.

మొన్నటి ఈశాన్య రుతుపవనాల వానల్లో, పెరంబూరులోని మా ఇంటి మెట్ల దగ్గర జారి వెనక్కి పడ్డారు. నెత్తురు చుక్క రాలేదు. మెడ నొప్పిగా ఉందంటే, ‘అది నీకు ఎప్పుడూ ఉండేదే కదా’ అన్నది నేనే. ఆస్పత్రిలో బల్ల మీద పడుకోబెట్టి, తల ఆనడం లేదని కిందికి నొక్కబోయారు. అన్నయ్య కేక పెడితే ఆపారు. ఎక్స్‌రే చూసి, ఏమీ విరగలేదని మాత్రలిచ్చి పంపారు. మూడో రోజుకు గ్లాసు పట్టుకోలేకపోయారు. మరో చోట సీటీ స్కాన్ తీస్తే, ఆరు, ఏడు మెడపూసల మధ్య అడ్డంగా విరిగి ఉంది.

మామూలు వెన్ను కీలుకీలుగా వంగి దెబ్బను పంచుకుంటుంది. అతుక్కున్న వెన్ను తొడ ఎముకలాగా ఒకే కడ్డీ, పైగా లోపల పలచబడి ఉంటుంది. అందుకే నిలుచున్న చోట పడినా పుటుక్కున విరుగుతుంది. ఆ తర్వాత కాస్త కదిపినా వెన్నుపాము నలగవచ్చు. మెడ కింది భాగానికి భుజాలు అడ్డం వస్తాయి కాబట్టి ఎక్స్‌రేను నమ్మడానికి లేదు. మధుమేహం ఉన్న పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే, వెన్నుపూసలు అతుక్కునే ‘డిష్’ అనే మరో జబ్బులోనూ ఇదే ప్రమాదం. అది తమకు ఉందని చాలామందికి తెలియనే తెలియదు.

రోడ్డు ప్రమాద బాధితులకు తొలి 48 గంటలు ఉచిత వైద్యం అందిస్తున్న తమిళనాడు ప్రభుత్వాన్ని నేను అడిగేది ఖర్చుతో కూడినది కాదు. 108 సిబ్బందికి, క్యాజువాలిటీలకు ఒక్క పేజీ ఆదేశం పంపాలి. వెన్ను బిగుసుకున్న వృద్ధులు పడి మెడ నొప్పి అంటే సీటీ తీసేదాకా విరిగిందనే అనుకోవాలి. మెడ మునుపు ఏ వంపులో ఉండేదో ఇంటివాళ్లను అడిగి, దిండ్లు పెట్టి అదే వంపులో ఉంచాలి. మెడ పట్టీ (కాలర్) పేరుతో వెనక్కి లాగకూడదు.

అన్నయ్య ఇప్పుడు మెడలో కడ్డీలతో, ఊతకర్రతో నడుస్తున్నారు. ‘నా మెడ ఇలాగే ఉంటుంది, సరిచేయవద్దు’ అని ఒక చీటీ రాసి ఆయన చొక్కా జేబులో పెట్టాం. తెలుగులో రాస్తే ఇక్కడ అంబులెన్సులో ఎవరు చదువుతారని, పక్కింటి అమ్మాయి చేత తమిళంలో రాయించాం.

— ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై